బీటెక్ మొదటి ఏడాది: పశ్చిమ ప్రకాశం నుంచి చూస్తే

బీటెక్ మొదటి ఏడాదికి బ్రాంచితో పెద్దగా పనిలేదు. కంప్యూటర్ సైన్స్‌లో చేరినవారూ సివిల్‌లో చేరినవారూ ఆ ఏడాది దాదాపు ఒకే పాఠాలు చదువుతారు: గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, సీ భాషలో ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్, ఇంగ్లిష్, అన్ని బ్రాంచిలవారికీ కాస్త సివిల్, కాస్త మెకానికల్, కాస్త ఎలక్ట్రికల్. వీటినే ఫౌండేషన్ కోర్సులు అంటారు. ఒక్కో కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో సిలబస్‌లో ముందుగానే రాసి ఉంచే వాక్యాలకు అభ్యసన ఫలితాలని పేరు. కళాశాలల్లో వీటిని సీఓలని, కోర్సు అవుట్‌కమ్స్ అని పిలుస్తారు. ఇంజినీరు కాబోయే మనిషికి ఈ రెండూ ఎంత ముఖ్యమో, విద్యార్థులూ తల్లిదండ్రులూ వీటిని అంత తక్కువగా పట్టించుకుంటారు.

మార్కాపురం చుట్టుపక్కల సామ్యూల్ జార్జ్, కృష్ణచైతన్య వంటి ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. ఇవి కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధంగా నడుస్తాయి. గిద్దలూరు ఘాట్ దాటి నంద్యాల వైపు దిగితే అనంతపురం జేఎన్‌టీయూ పరిధి మొదలవుతుంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఒకే తరహా పాఠ్యప్రణాళికను సూచించడం వల్ల రెండుచోట్లా మొదటి ఏడాది పాఠాల్లో పెద్ద తేడా ఉండదు. ప్రస్తుతం నడుస్తున్నది 2023–24లో మొదలైన ఆర్-23 నిబంధనావళి.

ఈ కళాశాలలకు దోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం, పెద్దారవీడు, తర్లుపాడు, కొనకనమిట్ల, కంభం, బేస్తవారిపేట, అర్ధవీడు, రాచర్ల, కొమరోలు ప్రాంతాల నుంచి పిల్లలు వస్తారు. చాలామంది ఇళ్లలో ఇంజినీరింగ్ చదివేది వీళ్లే మొదలు. పదో తరగతి వరకు తెలుగులో చదువుకుని, ఇంటర్లో ఎంపీసీ తీసుకుని, ఈఏపీసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో సీటు సంపాదించి వస్తారు.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు ఉంటాయి. గణితానికి 80, భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 40. మూడు గంటల సమయంలో ఒక్కో ప్రశ్నకు దక్కేది నిమిషం పైన కొద్ది సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. రెండేళ్లపాటు ఈ పరీక్ష కోసం తయారైన విద్యార్థికి నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడం, సూత్రం గుర్తుపట్టి అంకెలు వేయడం బాగా అలవడతాయి. మొదటి ఏడాది బీటెక్ కోరేది వేరు. అక్కడ జవాబు ఎలా వచ్చిందో మెట్టుమెట్టుగా చూపించాలి, ప్రయోగంలో వచ్చిన విలువకు పుస్తకంలోని విలువకు తేడా ఎందుకొచ్చిందో చెప్పాలి, రాసిన ప్రోగ్రాము నడవకపోతే తప్పెక్కడుందో వెతకాలి. ఇంటర్లో 90 శాతం పైన తెచ్చుకున్నవారు మొదటి సెమిస్టర్ గణితం, అంటే ఎం-1, తప్పడానికి అసలు కారణం ఈ మార్పే. వారి తెలివి ఏమీ తగ్గలేదు, వారిని అడిగే పని మారింది. ఆ సంగతి చేరిన వారంలోనే వారికి చెప్పేవారు ఉండాలి.

చెప్పాలన్న ఉద్దేశంతోనే అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, 2018లో విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళికలో మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని తప్పనిసరి చేసింది. తరగతులు మొదలయ్యే ముందు ఆటలు, కళలు, మానవ విలువలపై చర్చ, ఊళ్లోని సంస్థల సందర్శన, సీనియర్ అధ్యాపకుల తోడు అందులో భాగం. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్ గదిలో గడిచిన పిల్లలకు ఈ మూడు వారాలు చాలా అవసరం. దీన్ని ప్రారంభ సభతో సరిపెట్టుకున్న కళాశాల తన విద్యార్థుల మొదటి అవకాశాన్ని పోగొట్టినట్టే.

అదే నమూనా ప్రణాళిక మొత్తం డిగ్రీని 160 క్రెడిట్లకు కుదించింది. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా సాగితే ఒక క్రెడిట్. ల్యాబ్‌లో అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. ఆ 160లో మౌలిక శాస్త్రాలకు 25, ఇంజినీరింగ్ ప్రాథమికాంశాలకు 24, భాషలూ సామాజిక శాస్త్రాలూ మేనేజ్‌మెంట్ కలిపి 12 కేటాయించారు. మూడూ కలిపితే 61, మూడో వంతు కంటే ఎక్కువ. బ్రాంచికి ప్రధానమైన కోర్సులకు ఇచ్చినవి 48 మాత్రమే. దేశంలో ఇంజినీరింగ్ విద్యను నియంత్రించే సంస్థ పునాదికి ఇచ్చిన విలువ ఈ అంకెల్లోనే తెలుస్తుంది. ఆర్-23లో కూడా డిగ్రీకి 160 క్రెడిట్లే.

అభ్యసన ఫలితాల సంగతికి వస్తే, పాత సిలబస్ పుస్తకాల్లో అధ్యాయాల పేర్లు మాత్రమే ఉండేవి. అధ్యాపకుడు ఏం చెప్పాలో వాటిలో ఉండేది, విద్యార్థికి ఏం రావాలో ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి కోర్సుకు ఐదారు ఫలితాలు రాస్తున్నారు. వాటిలో ప్రాణమంతా క్రియాపదంలో ఉంటుంది. అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన వర్గీకరణను 2001లో సవరించారు. దాని ప్రకారం నేర్చుకోవడానికి ఆరు మెట్లు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మంచిచెడులు నిర్ణయించడం, కొత్తది సృష్టించడం. ‘నిర్వచించగలరు’ అని రాసిన ఫలితం మొదటి మెట్టు దగ్గర ఆగుతుంది. ‘లెక్కించగలరు’ అంటే మూడోది. ‘పోల్చి కారణం చెప్పగలరు’ అంటే నాలుగోది.

ఈ మెట్లు ఎలా పనిచేస్తాయో చూడటానికి మార్కాపురం విద్యార్థి దూరం వెళ్లనక్కర్లేదు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు దోర్నాల దగ్గరే ఉంది. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు నుంచి కృష్ణా వరదనీటిని నల్లమల కొండల కిందుగా ఈవలకు తెచ్చేందుకు పక్కపక్కనే రెండు సొరంగాలు తవ్వారు. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. మొదటిది సుమారు 3000 క్యూసెక్కులు, రెండోది సుమారు 8500 క్యూసెక్కులు మోసేలా రూపొందించారు. ఆ నీరు సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలకు అడ్డుకట్టలు వేసి ఏర్పరచిన నల్లమల సాగర్‌కు చేరాలి.

వృత్తం వైశాల్య సూత్రం చెప్పమంటే పదో తరగతి పిల్లవాడూ చెబుతాడు. ఇది మొదటి మెట్టు. ఆ సూత్రంతో మొదటి సొరంగం అడ్డుకోత వైశాల్యం కట్టమంటే దాదాపు 38.5 చదరపు మీటర్లు వస్తుంది, రెండోదానికి 66.5. 3000 క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 85 ఘనపు మీటర్లు. సొరంగం నిండుగా పారుతుందనుకుంటే నీటి వేగం సెకనుకు 2.2 మీటర్లు. అలా వచ్చిన నీరు అటు నుంచి ఇటు చేరడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఇది అన్వయం. రెండోదానికి ఇదే లెక్క చేస్తే వేగం 3.6 మీటర్లు వస్తుంది, ప్రయాణం గంటన్నర లోపే ముగుస్తుంది. ఇక్కడ అసలు ప్రశ్న పుడుతుంది. వ్యాసం మూడో వంతు కంటే తక్కువే పెరిగింది, వైశాల్యం 1.7 రెట్లు అయింది, ప్రవాహం మాత్రం దాదాపు 2.8 రెట్లు. ఎందుకు? వైశాల్యం ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు. గోడ రాపిడి నీటిని ఎంత ఆపుతుంది, గొట్టం పెద్దదయ్యేకొద్దీ ఆ రాపిడి వాటా ఎందుకు తగ్గుతుంది, వాలు ఎంత ఇచ్చారు, లోపలి లైనింగ్ ఎంత నున్నగా ఉంది అన్నవన్నీ చూడాలి. ఇది విశ్లేషణ. రెండో ఏడాదిలో వచ్చే ఫ్లూయిడ్ మెకానిక్స్‌కు తలుపు ఇక్కడే తెరుచుకుంటుంది. ఆ తలుపు తీయడానికి మొదటి ఏడాది కలనగణితం, అవకలన సమీకరణాలు వచ్చి ఉండాలి.

మొదటి సెమిస్టర్ గణితంలో మాత్రికలు, వాటి కోటి, గాస్ పద్ధతిలో సమీకరణాల సాధన, ఐగెన్ విలువలు, అనేక చరరాశుల కలనం ఉంటాయి. రెండో సెమిస్టర్లో అవకలన సమీకరణాలు, సదిశ కలనం వస్తాయి. పరీక్షలకు ముందు వీటిని ‘ముఖ్యమైన ప్రశ్నల’ పుస్తకంతో నెట్టుకొచ్చినవారికి ఐగెన్ విలువ అంటే సాధించవలసిన ఒక బహుపదిగానే మిగిలిపోతుంది. వంతెన ఏ పౌనఃపున్యం దగ్గర ఊగుతుందో, పెద్ద సమాచారరాశిలో ముఖ్యమైన దిశ ఏదో చెప్పేది అదేనని వారికి తెలియదు. కృత్రిమ మేధ కోర్సు కోసం బ్రాంచి ఎంచుకుని మాత్రికలను తప్పించుకోవాలనుకునే విద్యార్థులు ఈమధ్య ఎక్కువయ్యారు. కృత్రిమ మేధలో ఎక్కువ భాగం మాత్రికల గుణకారమేనని వారికి మొదటి వారంలోనే ఎవరైనా చెప్పాలి.

రసాయనశాస్త్రం విషయంలో నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇదెందుకన్న ప్రశ్న ప్రతి ఏటా వినిపిస్తుంది. పశ్చిమ ప్రకాశంలో ఆ ప్రశ్నకు జవాబు తాగునీళ్ల బిందెలోనే ఉంది. కనిగిరి, మార్కాపురం, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలూ కీళ్లూ బిగుసుకుపోతాయి. సివిల్, మెకానికల్ విద్యార్థుల సిలబస్‌లో నీటి సాంకేతికత ఒక పూర్తి యూనిట్: కాఠిన్యం, ఈడీటీఏతో అంశమాపనం, అయాన్ మార్పిడి, రివర్స్ ఆస్మాసిస్. కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఆ స్థానంలో విద్యుత్ రసాయనశాస్త్రం, బ్యాటరీలు, పరికరాలతో చేసే విశ్లేషణ ఉంటాయి. వారి ల్యాబ్‌లో బీర్–లాంబర్ట్ నియమం సరిచూసే ప్రయోగం ఒకటి ఉంది. రంగు ద్రావణం గుండా కాంతి పోతే, ద్రావణం గాఢతను బట్టి కాంతి ఎంత పీల్చుకుపోతుందో అందులో కొలుస్తారు. నీటిలో ఫ్లోరైడ్‌ను కొలిచే స్పాడ్న్స్ పద్ధతి ఈ నియమం మీదే నిలబడింది. స్పాడ్న్స్ అనే రంజకానికి జిర్కోనియం కలిపితే వచ్చే ఎర్రరంగును ఫ్లోరైడ్ వెలవెలబోయేలా చేస్తుంది. రంగు ఎంత తగ్గిందో కొలిస్తే ఫ్లోరైడ్ ఎంత ఉందో తేలుతుంది. రికార్డులో గ్రాఫు గీసి సంతకం పెట్టించుకున్న విద్యార్థికి తన ఊరి బోరునీటికీ ఆ గ్రాఫుకూ సంబంధం ఉందని చెప్పినవారు లేకపోతే, ఆ ప్రయోగం వృథా అయినట్టే.

ఇదే నీటి విషయం ఇంకా ముందుకు తీసుకుపోతుంది. ఊళ్లలో రివర్స్ ఆస్మాసిస్ ప్లాంట్లు పెట్టాక మంచినీళ్లతో పాటు ఫ్లోరైడ్ మరింత చిక్కబడిన వ్యర్థజలం కూడా బయటికి వస్తుంది. దాన్ని ఎక్కడ వదలాలి? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది చౌక, కాని మిగిలే బురదను సరిగ్గా పారవేయాలి. ఏది ఏ ఊరికి తగినదో తేల్చడం బ్లూమ్ మెట్లలో ఐదోది.

డ్రాయింగ్, వర్క్‌షాప్‌లకు మార్కాపురంలో సహజమైన ఉదాహరణ పలకలు. ఒకప్పుడు తెలుగునాట బడి పిల్లల చేతుల్లోని పలకల్లో చాలావాటికి ఈ ఊరే పుట్టిల్లు. పలకరాయి రూపాంతర శిల. ఒత్తిడికి దానిలోని ఖనిజాలు ఒకే దిశలో పరుచుకోవడం వల్ల పొరలుగా చీలుతుంది. ఏ దిశలో చీల్చాలో గనిలోని పనివాడి చేతికి తెలుసు. త్రిమితీయ వస్తువును ఏ తలంతో కోస్తే ఏ ఆకారం కనిపిస్తుందో కాగితం మీద చూపించడమే ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లోని ఛేదన అధ్యాయం. పలక కోసేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది. రక్షణ లేకుండా ఏళ్లపాటు పీలిస్తే ఊపిరితిత్తులకు సిలికోసిస్ పట్టుకుంటుంది. ఆ జబ్బు నయం కాదు. కోసేచోట నీటిని చిమ్మితే ధూళి బాగా తగ్గుతుంది. యంత్రం రూపకల్పనలో మనిషి ఆరోగ్యానికి కూడా లెక్క ఉందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

ఈ చివరి మాట కోర్సు ఫలితాల నుంచి ప్రోగ్రాం ఫలితాల దగ్గరికి తీసుకొస్తుంది. ఒక్కో కోర్సుకు సీఓలు ఉన్నట్టే నాలుగేళ్ల డిగ్రీ మొత్తానికి పీఓలు ఉంటాయి. వీటిని ఖరారు చేసేది నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్. 1994లో ఏఐసీటీఈలో భాగంగా మొదలై 2010లో స్వతంత్ర సంస్థ అయిన ఈ బోర్డు ద్వారా భారత్ 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. 1989లో మొదలైన ఆ ఒప్పందం ప్రకారం ఒక సభ్యదేశంలో గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ డిగ్రీని మిగతా సభ్యదేశాలు తమ డిగ్రీతో సమానంగా చూస్తాయి. టైర్-1 గుర్తింపు ఉన్న ప్రోగ్రాములకే ఇది వర్తిస్తుంది. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న, స్వయంప్రతిపత్తి లేని కళాశాలలు టైర్-2 కిందికి వస్తాయి. విదేశీ చదువుల ఆలోచన ఉన్నవారు ఈ తేడా తెలుసుకుని ఉండటం మంచిది.

మొదట 12గా ఉన్న పీఓలను కొత్త విధానంలో 11 చేశారు. గణితం, విజ్ఞానశాస్త్రాల జ్ఞానం, సమస్యా విశ్లేషణ, రూపకల్పన, పరిశోధన, సాధనాల వాడకం సాంకేతికమైనవి. సమాజం, పర్యావరణం పట్ల బాధ్యత, నైతికత, జట్టుపని, భావవ్యక్తీకరణ, ప్రాజెక్టు నిర్వహణ, జీవితాంతం నేర్చుకోవడం అనే మిగతావి మనిషికి సంబంధించినవి. వెలిగొండ ముంపు గ్రామాలవారికి పునరావాసం ఎలా ఉండాలన్నది కూడా ఇంజినీరు ఆలోచించవలసిన విషయమేనని ఈ జాబితా ఒప్పుకుంటోంది. జాబితాలోని రూపకల్పనకూ దగ్గర్లోనే పాత ఉదాహరణ ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. రెండు కొండల మధ్య ఇరుకు చూసి అక్కడే కట్ట వేసినవారికి స్థలం ఎంపిక బాగా తెలుసు. శతాబ్దాల పాటు పొలాలకు నీరిచ్చిన ఆ కట్టను చూసిరావడం సివిల్ విద్యార్థికి ఒక రోజు పాఠానికి సమానం.

భావవ్యక్తీకరణ విషయం విడిగా చెప్పుకోవాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద అడ్డు సిలబస్ కాదు, ఇంగ్లిషే. లెక్క తెలిసి కూడా వైవాలో నోరు పెగలదు. కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ కోర్సు, ల్యాబ్ ఉన్నాయి గాని, వాటితో పాటు అధ్యాపకుడు కష్టమైన భావనను ముందు తెలుగులో వివరించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పదాలతో అదే చెప్పించడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. 2021–22 నుంచి ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి ఏఐసీటీఈ అనుమతించింది కూడా. డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారి సమస్య దీనికి తలకిందులు. వారికి వర్క్‌షాప్ నైపుణ్యం ఎక్కువ, మొదటి ఏడాది గణితం మాత్రం తక్కువ. వారికోసం వేసవిలో బ్రిడ్జి తరగతులు పెట్టాలి.

ఫలితాలు నిజంగా సాధించారా లేదా అన్నది కొలిచే తీరులో లోపముంది. ఆర్-23లో థియరీ కోర్సులో అంతర్గత పరీక్షలకు, అంటే మిడ్‌లకు, 30 మార్కులు, సెమిస్టర్ పరీక్షకు 70. రెండు మిడ్‌లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం విలువ. ప్రతి ప్రశ్న పక్కన అది ఏ సీఓకు చెందిందో, బ్లూమ్ మెట్లలో ఏదో ముద్రిస్తారు. మార్కుల పట్టిక నుంచి ఒక్కో సీఓ ఎంత శాతం నెరవేరిందో లెక్కిస్తారు. పద్ధతి మంచిదే. కాని ప్రశ్నపత్రంలో ‘విశ్లేషించండి’ అన్న మాట ముద్రించి, జవాబుగా కంఠతా పట్టిన పేజీని ఒప్పుకుంటే పట్టికలోని అంకెకు అర్థం ఉండదు. గుర్తింపు బృందం రావడానికి ముందు నెలలో ఫైళ్లు నింపే శ్రమలో సగం, మిడ్ పరీక్ష తర్వాత వారంలో తరగతి ఎక్కడ తడబడిందో చూసి ఆ భాగం మళ్లీ చెప్పడానికి వెచ్చిస్తే విద్యార్థులు బాగుపడతారు.

మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి క్రెడిట్ల షరతు లేదు, హాజరు ఉంటే చాలు. మూడో ఏడాదికి వెళ్లేటప్పుడు 40 శాతం క్రెడిట్లు అడుగుతారు. ఈ వెసులుబాటు గ్రామీణ విద్యార్థికి మేలే చేస్తుంది గాని, బ్యాక్‌లాగ్‌లను మూటగట్టుకునే అలవాటునూ అదే పెంచుతుంది. ఎం-1 సప్లీ మూడో ఏడాది దాకా మోసినవారు దానిపై ఆధారపడిన కోర్సులన్నీ కుంటుతూనే చదువుతారు.

రెండో ఏడాది చివర ఎనిమిది వారాల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. మొదటి ఏడాదిలో నేర్చిన కొలతలు, లెక్కలు, ప్రోగ్రామింగ్ బయటి ప్రపంచంలో పరీక్షకు నిలిచేది ఇక్కడే. దోర్నాల మండలంలో చెంచు గూడేలకు నీరు ఎలా అందుతోందో, తర్లుపాడులో బోర్ల ఫ్లోరైడ్ ఎంతో, మార్కాపురం పలకల యూనిట్లలో ధూళి ఎంత లేస్తోందో కొలిచి నివేదిక రాస్తే పీఓలలో సగం ఒక్క ప్రాజెక్టులోనే పలుకుతాయి. కొనుక్కున్న నివేదికతో ఆ ఎనిమిది వారాలూ దాటేస్తే, ఊరూ నష్టపోతుంది, విద్యార్థీ నష్టపోతాడు.

సిలబస్ పుస్తకం విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చేరిన మొదటి వారంలోనే విద్యార్థి దాన్ని దించుకుని, ఒక్కో కోర్సు మొదట్లో రాసిన ఐదారు ఫలితాలు చదవాలి. సెమిస్టర్ చివర వాటిలో ఎన్ని తనకు నిజంగా వచ్చాయో తానే గుర్తు పెట్టుకోవాలి. సీటు కోసం కళాశాల మెట్లెక్కే తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ల సంగతి అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: మొదటి ఏడాది గణితం ఎవరు చెబుతారు, రసాయనశాస్త్ర ల్యాబ్‌లో పరికరాలు పనిచేస్తున్నాయా, తెలుగు మాధ్యమం పిల్లలకు అదనపు తరగతులు ఉన్నాయా.